నాన్నగారి మాటచెక్క

నాన్నగారు ఎలాంటి మనిషి అని ఎవరైనా అడిగితే నేను తడుముకోవలసిన పని ఉండేది కాదు. బొబ్బిలిలో మా చుట్టాలందరూ ఉన్న ఊరు కదలకుండా వీణలు, పాఠాలు, పురాణాలతో కాలం గడుపుతూ ఉంటే, ఆయన కోరి కోరి ఏజెన్సీకి బదిలీ వేయించుకుని, సీతంపేట అవతల కొండల్లో సవర పిల్లల హాస్టలు బడికి పెద్ద మాస్టారుగా వెళ్లారు. పిల్లల గజ్జికి తన చేత్తో మందు రాశారు. జ్వరం వస్తే పక్కన కూర్చున్నారు. అలాంటి మనిషికి కూతుర్నని చెప్పుకోవడం నాకెప్పుడూ గొప్పగానే ఉండేది. ఈ వానాకాలంలో సుజాత ఫోన్ చేసిన తర్వాత నుంచీ ఆ జవాబు నా గొంతులో ఎక్కడో అడ్డం పడింది. బయటికీ రావడం లేదు, లోపలికీ పోవడం లేదు.

సుజాత ఆ బడిలోని నా చిన్ననాటి స్నేహితురాలి కూతురు. తనూ టీచరే. "పిన్నీ, ఆదివాసీ దినోత్సవం మా ఊళ్లోనే సేస్తన్నాం ఈసారి" అంది. "ప్రపంచంలో మనలాంటోళ్లు ఎక్కడెక్కడున్నారో, ఆళ్ల కతేటో పిల్లలకి సెప్పాలి. నువ్వయితే సదువుతావు, రాస్తావు. అమ్మ నిన్నే పిలవమన్నాది. మాస్టారు తాతగారి పొటో కూడా అట్టుకురా. స్టేజీ మీద ఎట్టి దండెయ్యాలని అమ్మ కోరిక." నేను సంతోషంగా సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక భయం వేసింది. నేను రాసినవన్నీ పిల్లల కథలూ ఇంటి కబుర్లూను. ప్రపంచంలోని ఆదివాసుల చరిత్ర నాకేం తెలుసు? అందుకని విజయనగరంలో మా వీధి దగ్గరి లైబ్రరీ నుంచి కొన్ని పుస్తకాలు తెచ్చుకున్నాను, మా అమ్మాయి కంప్యూటర్లో కొన్ని వెతికిచ్చింది. వంటయ్యాక రోజూ ముందు గదిలో కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

కెనడాలో, అమెరికాలో అక్కడి పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్లి దూరపు హాస్టళ్లలో పెట్టారట. వచ్చీ రాగానే జుట్టు కత్తిరించారట. బోర్డు మీద కొత్త పేర్లు రాసి, ఇందులో ఒకటి నీది అన్నారట. ఆస్ట్రేలియాలోనూ పిల్లల్ని ఎత్తుకుపోయారట. నార్వే ఉత్తరాన రెయిన్‌డీర్‌లను మేపుకునే సామీ పిల్లలు బళ్లో సొంత భాష మాట్లాడకూడదట. ఊళ్లు మారాయి, చలీ ఎండా మారాయి, కథ మాత్రం మారడం లేదు. నేను చదువుతూ అయ్యో పాపం అనుకుంటూ, చెప్పవలసిన ముక్కలు కాగితం మీద రాసుకుంటూ ఉన్నాను. అప్పుడు జపాన్ కింద ఒకినావా దీవుల సంగతి వచ్చింది. బళ్లో తన భాషలో మాట్లాడిన పిల్లాడి మెడలో ఒక చెక్క వేలాడదీసేవారట. వాడు ఇంకెవరైనా ఆ భాష మాట్లాడితే విని, ఆ చెక్క తీసి వాళ్ల మెడలో వేయాలట.

నేను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాను. ఆ చెక్క నాకు తెలుసు. మా బళ్లో ఉండేది. నున్నగా చిత్రిక పట్టిన చిన్న టేకు ముక్క, పైన చిల్లు, అందులోంచి పురికొస. దాన్ని మేం మాటచెక్క అనేవాళ్లం. అది నాన్నగారు సొంతంగా కనిపెట్టిన ఆట అని నేను ఇన్నాళ్లూ నమ్మాను. పిల్లలకి తెలుగు తొందరగా రావడానికి ఎంత తెలివైన ఉపాయం కనిపెట్టారో అని పెళ్లయిన కొత్తలో మా అత్తవారింట్లో చెప్పుకుని నవ్వాను కూడా. సముద్రాల అవతల ఎవరో చేసిన పని మా కొండ మీది బళ్లోకి ఎలా వచ్చింది? ఆయన ఎక్కడైనా విన్నారా, ట్రైనింగులో ఎవరైనా చెప్పారా, లేక ఒకే రకం ఆలోచన ఉన్నవాళ్లకి ఎక్కడున్నా ఒకే రకం చెక్క దొరుకుతుందా? అడుగుదామంటే ఆయన లేరు. అమ్మా లేదు.

బడి పక్కన మా క్వార్టర్ ఇప్పటికీ నాకు కళ్లకి కట్టినట్టుంటుంది. రెండు గదులు, ముందు పెద్ద అరుగు, పెరటి వైపు వంటిల్లు. తెల్లారగానే అమ్మ కుంపటి ముట్టించేది. పచ్చి బొగ్గు పొగ, దాని వెనకాల కాఫీ వాసన, ఆ వెనకాల హాస్టలు వైపు నుంచి గంజి వాసన. కొండ మీద పోడు కాల్చే రోజుల్లో వీటన్నిటి మీదా ఒక కమురు వాసన కప్పేసేది. నాన్నగారు కిటికీ చువ్వలకి అద్దం తగిలించి గెడ్డం గీసుకుంటూ, ఆ రోజు చెప్పబోయే పాఠం తనలో తనే గొణుక్కునేవారు. తర్వాత సున్నిపిండి డబ్బా, కత్తెర, గజ్జి మందు సీసా పట్టుకుని గెడ్డ దగ్గరికి వెళ్లేవారు. మా వైపు కొండవాగుని గెడ్డ అంటాం. అక్కడ పిల్లలు వరసగా కూర్చుంటే గోళ్లు తీసేవారు, వీపులు రుద్దేవారు. కొత్తగా చేరిన పిల్లలకి జుట్టు కత్తిరించేవారు. పేలు, పుళ్లు అలా ఉండేవి మరి. జుట్టు రాలుతూ ఉంటే కొందరు ఏడ్చేవారు. నాన్నగారు బెల్లం ముక్క నోట్లో పెట్టేవారు. ఆ పుస్తకాల్లోని దొరలూ పేల కోసమే కత్తిరించామన్నారట. ఇద్దరూ ఒకటేనా అని నన్ను నేను అడుగుతాను. బెల్లం సంగతి గుర్తొచ్చి కాదంటాను. కాసేపటికి ఆ ఏడుపు గుర్తొస్తుంది.

అమ్మ మడీ తడీ ఉన్న మనిషి. పిల్లలెవరూ వంటింటి గడప దాటకూడదు. కానీ సాయంకాలం అరుగు మీద వీణ పెట్టుకుని కూర్చుంటే పిల్లలంతా మెట్ల మీద చేరేవారు. అమ్మ వాళ్లకి అడ్డాకుల్లో అటుకులో మరమరాలో పెట్టేది. ఆ పిల్లల్లో నాకు బాగా దగ్గరైంది గల్లంతి. నా ఈడుదే, నాకన్నా పొడుగు. చెట్టెక్కడం, జీలుగు చెట్టుకి కల్లు ముంత ఎక్కడ కట్టారో కనిపెట్టడం, గెడ్డలో పీతల్ని పట్టడం దానికే తెలుసు. దాని వెనక తిరిగి తిరిగి నాకు సవర మాట వచ్చేసింది. నేర్చుకున్నానని కూడా తెలియనంత సులువుగా వచ్చింది. దానివల్ల మాటచెక్క నా మెడలోనూ పడేది. పెద్ద మాస్టారి కూతురినైనా నాన్నగారు మినహాయింపు ఇవ్వలేదు. ఆయన న్యాయానికి అది గుర్తని నేను అనుకునేదాన్ని. నాకేం, చెక్క పడగానే తెలుగులోకి మారిపోయేదాన్ని. నాకు రెండో మాట ఉంది కదా.

గల్లంతి పేరు విన్న మొదటి రోజే నాన్నగారికి ఇబ్బందయింది. కింది ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలు "గల్లంతయిపోనాది, గల్లంతయిపోనాది" అని దాని వెనకాల పడ్డారు. నాన్నగారు వాళ్లని మందలించి, దీన్ని దగ్గరకు పిలిచి, "నీ పేరు ఇకనుంచి శారద. చదువుల తల్లి పేరు" అన్నారు. అది తల ఊపింది. అంతే. అలాగే మంగడు మోహన్ అయ్యాడు. మంగడు గల్లంతి తమ్ముడు. మిగతావాళ్లకీ ఒక్కొక్కటి పెట్టారు. అందమైన పేర్లే. ఒక్కొక్క పేరూ ఎంత ఆలోచించి పెట్టారో నాకు తెలుసు, అన్నం తింటూ అమ్మని కూడా సలహా అడిగేవారు.

వారం తిరక్కుండా వాళ్లమ్మ కొండ దిగి వచ్చింది. నుదుటి నుంచి ముక్కు మీదుగా పచ్చబొట్టు గీత, చెవులకి లావుపాటి కర్ర దిద్దులు. అరుగు ముందు నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"పంతులా, నా పిల్లకి పేరు మార్సీసినావట."

"మార్చలేదమ్మా, బడికి ఒక పేరు పెట్టాను. గల్లంతి అంటే తెలుగులో పోయిన మనిషి అన్నట్టు ఉంటుంది. రేపు పట్నం వెళ్తే అందరూ నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. అది మా అత్త పేరు. అది సచ్చిపోయినాక మా పిల్ల పుట్టినాది. పుట్టి ఒకటే ఏడుపు. మా అత్త పేరెట్టినాక ఊరుకున్నాది. అంటే అదే అడిగిందన్నమాట. ఆ పేరు పిలిస్తేనే అది మా కాడ ఉంటాది. నివ్వు ఇంకోటెట్టి పిలిస్తే అదెక్కడికెల్తాది?"

నాన్నగారు నవ్వారు, మెత్తగానే. "చనిపోయినావిడ ఎక్కడికీ వెళ్లదమ్మా."

"అదే నానూ సెప్తన్నాను" అంది ఆమె.

ఆమె వెళ్లిపోయింది. తర్వాత వానలు పట్టాయి, కొండంతా జ్వరాలు. గల్లంతికి వణుకు జ్వరం వచ్చింది. నాన్నగారు మాత్రలు మింగించబోతే దవడ బిగించేసింది. కబురు ఎలా వెళ్లిందో తెలియదు, వాళ్లమ్మ మళ్లీ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా పిల్లని వీపున కట్టుకుని కొండెక్కిపోయింది. నాన్నగారు ఆ రోజంతా అరుగు మీద అటూ ఇటూ తిరిగారు. మర్నాడు వాన తెరిపి ఇవ్వగానే మాత్రల సీసా జేబులో వేసుకుని, "రామ్మా, వాళ్ల మాట నీకు వచ్చు కదా" అని నన్ను వెంట పెట్టుకుని బయలుదేరారు. అమ్మ వద్దంది. ఆయన వినలేదు. సవర మాట మాట్లాడినందుకు నా మెడలో చెక్క వేసిన మనిషే ఆ మాట కోసం నన్ను తీసుకెళ్తున్నారని అప్పుడు నాకు తట్టలేదు. ఆయనకి తట్టిందో లేదో.

వాళ్ల ఇల్లు చిన్నది, లోపల మసక. గోడ మీద తెల్ల బియ్యప్పిండితో వేసిన బొమ్మలు: మనుషులు, గుర్రాలు, గొడుగులు, నెమళ్లు. పొయ్యి పక్కన గల్లంతి పడుకుని ఉంది. మేం వెళ్లేసరికి ఇంటినిండా జనం. వాళ్ల మధ్య ఒక ముసలామె కాళ్లు బారజాపుకుని కూర్చుని పాట పాడుతోంది. చచ్చినవాళ్లు ఆమె నోట మాట్లాడతారు, బతికున్నవాళ్లు ఏదైనా అడగొచ్చు, దెబ్బలాడుకోవచ్చు కూడా. నాన్నగారు గుమ్మం పక్కనే చతికిలబడ్డారు. పాట ఆగిపోయింది. ముసలామె తల వాలిపోయింది, చేతులూ కాళ్లూ కొయ్యల్లా బిగుసుకుపోయాయి. పక్కనున్నవాళ్లు ఆమె మోకాళ్లు బలవంతంగా వంచి కూర్చోబెట్టారు. కాసేపటికి తలెత్తి, దాహం అంది. చిప్పతో కల్లు అందించారు. తాగి, సూటిగా నాన్నగారి వైపు తిరిగింది.

నేను ఆయన చెవిలో చెప్పాను. "నా పేరు మీద ఇంకో పేరు పెట్టింది నువ్వేనా అంటోంది నాన్నా."

ఆయన లేచి వచ్చేస్తారనుకున్నాను. ఊళ్లో ఎవరికైనా పూనకం వస్తే గుమ్మంలోంచే వెనక్కి తిరిగే మనిషి. కానీ చేతులు ఒళ్లో పెట్టుకుని, "నేనేనమ్మా. పిల్ల మంచికే పెట్టాను" అన్నారు. నేను సవరలో చెప్పాను. ముసలామె మళ్లీ అందుకుంది.

"మంచేటి, నాకు ఆకలేస్తోంది అంటోంది. ఇదివరకు పిల్లని నా పేరెట్టి పిలిచి అన్నం పెడితే నాకూ అందేదట. ఇప్పుడు నువ్వు ఎవరినో పిలుస్తున్నావు, అది ఎవరికో అందుతోంది అంటోంది."

నాన్నగారు జేబులోంచి మాత్రల సీసా తీశారు. చూరు మీంచి నీళ్లు కారుతున్నాయి. చివరికి, "పాఠం చెప్పేటప్పుడు శారద అంటాను. అన్నం వేళ మాత్రం గల్లంతీ అని నేనే పిలుస్తాను. రోజూ పిలుస్తాను. పిల్ల మాత్ర మింగాలి మరి" అన్నారు. ముసలామె ఆ మాత్ర ఏదీ తెమ్మంది. నాలిక మీద పెట్టుకుని, తుపుక్కున ఊసి, మొహం వికారంగా పెట్టి ఏదో అంది. ఇల్లంతా పగలబడి నవ్వింది. నాన్నగారూ నవ్వారు, నేను ఇంకా తెలుగులో చెప్పనేలేదు. "ఇంత చేదు ముండది చచ్చినదాన్ని కూడా లేపుతుంది, మింగమనండి" అందట. గల్లంతి మింగింది. నాలుగు రోజులకి లేచింది. మాత్రల వల్ల అన్నారు నాన్నగారు. పేరు వల్ల అంది వాళ్లమ్మ. నేను వాళ్లిద్దరి మధ్యా నిలబడి రెండూ చెప్పిన పిల్లని. నాకు ఏది అనిపించిందో ఎంత గుర్తు చేసుకున్నా తేలడం లేదు.

కొండ దిగుతూ "ఇవన్నీ మీ అమ్మకి చెప్పకు" అన్నారు. చెప్పనక్కర్లేకపోయింది. గల్లంతి తిరిగి హాస్టలుకి వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం గంట కొట్టగానే ఆయన అరుగు చివర నిలబడి, గొంతెత్తి, "గల్లంతీ, అన్నానికి రా" అని పిలిచారు. అమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చి చూసింది. ఆ తర్వాత మిగతా పిల్లలూ ఒక్కొక్కరే వచ్చి, మా ముసిలోళ్లకీ ఆకలేస్తాది పంతులా అన్నారు. ఇక రోజూ అన్నం వేళ ఆయన అందరినీ అసలు పేర్లతో పిలిచేవారు. కొన్నిటికి ఆయన నోరు తిరిగేది కాదు, పిల్లలు దిద్దేవారు. ఎవరైనా తనిఖీకి వచ్చిన రోజు మాత్రం గొంతు తగ్గించి, పిల్లల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరి చెవి దగ్గర అనేవారు. మానేయడం మాత్రం నేను చూడలేదు.

ఇక్కడితో ఆపేస్తే నాకు ఏ తికమకా ఉండేది కాదు. కానీ అన్నాలయ్యాక మళ్లీ గంట కొట్టేవారు, మాటచెక్క మళ్లీ తిరగడం మొదలయ్యేది. ఆ పేర్లు మధ్యాహ్నం ఒప్పుకున్న మనిషి ఆ మాటని సాయంకాలం ఎందుకు ఒప్పుకోలేదు? "తెలుగు రాకపోతే వీళ్లని సంతలో ముంచేస్తారు, ఆఫీసుల్లో తరిమేస్తారు" అనేవారు అమ్మతో. అది అబద్ధం కాదు. ఆ చెక్క ఎక్కువగా మంగడి మెడలోనే ఉండేది. వాడు చిన్నవాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. నోరు తెరిస్తే సవరే. చెక్క వదిలించుకోవడానికి వాడు ఒక దారి కనిపెట్టాడు. మాట్లాడడం మానేశాడు. ఆటలోనూ, తిండి దగ్గరా, దెబ్బ తగిలినా నోరెత్తేవాడు కాదు. నాన్నగారు ఒక సాయంకాలం కాఫీ తాగుతూ, "మోహన్ బాగుపడ్డాడు, సవర పూర్తిగా మానేశాడు" అన్నారు సంబరంగా. ఆ మాట నాకు బాగా గుర్తుంది. ఆయన మొహంలో వెటకారం లేదు. నిజంగా సంతోషించారు.

కోతలకి ఇంటికి వెళ్లిన మంగడు తిరిగి రాలేదు. నాన్నగారు వెళ్లారు, నేనూ వెళ్లాను. వాడు పోడు చేలో పిట్టలు తోలే మంచె మీద కూర్చున్నాడు. నాన్నగారు కింద నిలబడి "మోహన్, మోహన్" అని పిలిచారు. వాడు జొన్న కంకుల మీదుగా అవతలి కొండ వైపు చూస్తూ ఉండిపోయాడు. పిలిచి పిలిచి ఆయన వచ్చేశారు. ఆ పూట అన్నం తినలేదు. ఆ మరుసటి ఎండాకాలానికి మాకు బొబ్బిలి బదిలీ అయింది. తర్వాత నాకు హైస్కూలు, కాలేజీ, పెళ్లి, ఉద్యోగం. సవర మాట ఎప్పుడు పోయిందో తెలియలేదు, వచ్చినప్పుడు తెలియనట్టే.

ఇదంతా మనసులో పెట్టుకుని, నాన్నగారి ఫోటో తువ్వాల్లో చుట్టుకుని, రాజాం, పాలకొండ మీదుగా కారులో వెళ్లాను. ఊరి దాకా తారు రోడ్డు. అనాస తోటలు, జీడిమామిడి తోటలు, సెల్ టవరు. మా క్వార్టర్ ఉన్నచోట నీళ్ల ట్యాంకు కట్టారు. సుజాత వాళ్లమ్మ, నా గల్లంతి, వీధి మొగలోనే ఎదురొచ్చింది. కొండల్లో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నర్సుగా తిరిగి రిటైరైన మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుంది. నాకు ఏమని పిలవాలో తెలియలేదు. ఫోన్లో ఎప్పుడూ శారదా అనే అనేదాన్ని.

"నిన్ను ఏమని పిలవనే?"

"నీ ఇష్టమే. రెండిటికీ పలుకుతాను. అలవాటైపోనాది" అని నా చెయ్యి పట్టుకుంది.

వాళ్లింట్లో టీ తాగుతూ ఉంటే మంగడు వచ్చాడు. మంగయ్య అనాలి ఇప్పుడు. సన్నగా, నిటారుగా ఉన్నాడు, భుజాన తువ్వాలు. నన్ను చూసి తల ఊపాడు. గోడకి ఆనించి ఉన్న ఫోటో చూశాడు.

"అది స్టేజీ ఎక్కితే నాను అక్కడుండను" అన్నాడు అక్కతో, నాకు అర్థం కావాలని తెలుగులోనే.

"ఆయన నేకపోతే నాను నర్సునేటి? ఈ ఇల్లేటి? సుజాత సదువేటి?" అంది ఆమె.

"నీకు సదువొచ్చినాది. నా నోరెల్లిపోనాది. పెళ్లయినదాకా నాను మనుసులతో సరిగ్గా మాటాడనేదు, నీకు తెల్దా? దండెయ్యండి, నానొద్దనను. నాను ఎల్లిపోతానంతే."

సుజాత నా వైపు చూసింది. "పిన్నీ, నువ్వు సెప్పు. కూతురివి నువ్వే కదా." నేను ఒకినావా గురించి చదివింది వాళ్లకి చెప్పాను. మీకు వేసిన లాంటి చెక్కే అక్కడా వేశారట అన్నాను. మంగయ్య చాలా శ్రద్ధగా విన్నాడు. "ఆళ్లు ఇప్పుడు మాటాడతన్నారా, ఆళ్ల మాట?" అని అడిగాడు. కొందరు ముసలివాళ్లు మాట్లాడుతున్నారట, పిల్లలకి నేర్పుతున్నారట అన్నాను. ఫోటో సంగతి మాత్రం నాకు తెలియడం లేదని చెప్పాను. నిజంగానే తెలియలేదు. పెట్టమంటే ఆ పిల్లాడి నోరు నొక్కినట్టు, వద్దంటే అన్నం వేళ నిలబడి పిలిచిన మనిషిని బయటికి గెంటినట్టు. చదివిన పుస్తకాల్లో మంచివాళ్లెవరో చెడ్డవాళ్లెవరో నాకు తేలిగ్గానే తెలిసింది. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి గీత ఎక్కడ గియ్యాలో తెలియలేదు.

చివరికి గల్లంతే తేల్చింది. "స్టేజీ మీదొద్దు. దండా ఒద్దు. కింద ముందు వరసలో కుర్సీ ఏసి కూకోబెడదాం. అందరితో పాటు ఆయనా ఇంటాడు. సెప్పాలనున్నోడు సెప్తాడు." మంగయ్య సరేనన్నట్టు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

అలా నాన్నగారు ఒక ప్లాస్టిక్ కుర్చీలో, పిల్లల మధ్యన కూర్చున్నారు. డప్పులు మోగాయి, ఆడపిల్లలు చేతులు కలుపుకుని ఆడారు. నా వంతు వచ్చినప్పుడు రాసుకున్న కాగితాలు చూడలేకపోయాను. దూరదేశాల పిల్లల సంగతి చెప్పాను, ఆ తర్వాత ఇక్కడి చెక్క సంగతీ, అన్నం వేళ పేర్ల సంగతీ రెండూ చెప్పాను. ఒక పిల్ల లేచి, "అయితే మీ నాన్న మంచోడా కాదా మేడమ్?" అని అడిగింది. "నేనూ అదే ఆలోచిస్తున్నానమ్మా" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పిల్లలు ఇంకా జవాబు వస్తుందేమోనని చూస్తూనే ఉన్నారు.

చచ్చినవాళ్లని మాట్లాడించే ఆడవాళ్లు ఇప్పుడు ఆ ఊళ్లో లేరు. సగం మంది చర్చికి వెళ్తారు, సగం మంది భజనకి. నేను దిగి వచ్చి పక్కన కూర్చున్నాక గల్లంతి ఆ సంగతి నాకు మామూలుగానే చెప్పింది, కూరల ధరలు చెప్పినట్టు. ఆమె అలా చెబుతూ ఉండగానే మంగయ్య లేచాడు. స్టేజీ ఎక్కలేదు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. నాన్నగారి కుర్చీకి ఎదురుగా వెళ్లి నిలబడి సవరలో మాట్లాడడం మొదలుపెట్టాడు. మొదట మెల్లగా, తర్వాత చెయ్యి ఊపుతూ, మధ్యలో ఆగి జవాబు కోసం చూస్తున్నట్టు చూసి, మళ్లీ అందుకుని. నేను చెవులు రిక్కించాను. డా అన్న మాట పట్టుకున్నాను, డా అంటే నీళ్లు. ఇంకొకటి రెండు తెలిసినట్టే అనిపించి జారిపోయాయి. ఒకచోట జనం నవ్వారు. ఒకచోట ముసలివాళ్లు ముక్కులు చీదుకున్నారు. చాలాసేపు మాట్లాడాడు. అయిపోయాక కుర్చీ చేతి మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, వెళ్లి తన చోట కూర్చున్నాడు.

"ఏమన్నాడే?" అని గల్లంతిని అడిగాను.

ఆమె కళ్లు తుడుచుకుంటోంది. "అది మీ నాయనతో అన్న మాట. నీతో కాదు" అంది. కసిరినట్టు కాదు, ఉన్నది చెప్పినట్టే.

సాయంకాలం వెనక్కి వస్తూ ఫోటోని ఒళ్లో పెట్టుకున్నాను. తువ్వాలు చుట్టబుద్ధి కాలేదు. పాలకొండ దాటాక వాన మొదలైంది, డ్రైవరు అద్దాలు ఎక్కించాడు. నాన్నగారు ఎప్పటిలాగే పక్కకి దువ్విన జుట్టుతో, ఎవరో ఏదో చెబుతూ ఉంటే పూర్తయ్యేదాకా ఆగుదామన్నట్టు చూస్తున్నారు. అంత మాట ఆయన ఎదురుగా నిలబడి చెప్పారు, ఆయనకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. ఆయనకి సవర రాదు. పక్కన కూర్చుని చెవిలో చెప్పవలసినదాన్ని నేను.